తాళం వేసిన ఇంట్లో కాచుకొని ఉన్నదెవరు?

బవేరియా రాష్ట్రంలో బడులకు వేసవి సెలవులు ఆలస్యంగా వస్తాయి. జూలై చివరనో ఆగస్టు మొదటనో మొదలై సెప్టెంబరు మధ్య దాకా సాగుతాయి. మ్యూనిక్ పరిసరాలలోని తెలుగు కుటుంబాలలో చాలామందికి స్వదేశ ప్రయాణం ఈ ఆరు వారాలలోనే. మేము కూడ అలాగే విజయవాడలో నాలుగు వారాలు, పల్లెలో రెండు వారాలు గడిపి, తిరుగు ప్రయాణంలో మా అత్తగారిని వెంటబెట్టుకొని ఉంటర్‌ఫ్యోరింగ్‌లోని మా ఫ్లాటుకు చేరుకొన్నాము. తలుపు తీసి, పెట్టెలు లోపల పెట్టి, తెల్లని మేజోళ్లతో హాలులోని తివాసీ మీద నాలుగడుగులు వేసిన మా అమ్మాయి కెవ్వున అరచినది. మేజోళ్ల మీద ఆవాలు చల్లినట్లు నల్లని చుక్కలు. ఆ చుక్కలు ఎగురుతున్నవి!

ఇంట్లో పిల్లి లేదు. ఆరు వారాలుగా అది ఇస్మానింగ్‌లో మిత్రుల ఇంట సుఖంగా ఉన్నది. మరి పిల్లి లేని ఇంట్లో, మనిషి లేని ఇంట్లో, తినడానికి ఏమీ దొరకని ఇంట్లో ఈ పురుగులు ఇన్ని నాళ్లు ఎలా బ్రతికినవి? మేము వెళ్లేటప్పుడు ఒక్కటీ కనిపించలేదే!

ఆ రాత్రి మా ఇంట మూడు అభిప్రాయాలు వెలువడినవి. "చెబితే విన్నావు కాదమ్మాయ్, ఇంట్లోకి పిల్లిని తెచ్చిననాడే అనుకొన్నాను. దాన్ని ఎవరికైనా ఇచ్చి పంపండి" అని అత్తగారు. గదులు మూసి పొగమందు డబ్బా ఒకటి పేల్చితే సరిపోతుందని మావారు. ఇక నా అభిప్రాయం, ఈ మాట నాలుగు గోడలు దాటరాదని. వృత్తిరీత్యా జీవశాస్త్రంతో ఇరవై ఏళ్ల పరిచయం ఉన్న మనిషిని. అయినా నాకు మొదట తట్టినది శాస్త్రం కాదు, పరువు. ముగ్గురమూ పొరబడ్డాము. ఆ పొరబాట్లకు మేము చెల్లించిన మూల్యం తక్కువేమీ కాదు గనుక, ఇంట పిల్లినో కుక్కనో పెంచుకొంటున్న తోటి తెలుగువారికి నాలుగు మాటలు మనవి చేయదలచినాను.

ముందుగా పేరు సంగతి. ఇంగ్లీషులో ఫ్లీ అనీ, జర్మన్‌లో ఫ్లో అనీ పిలిచే ఈ కీటకానికి మన వాడుకలో అందరూ ఒప్పుకొన్న పేరంటూ నిలవలేదు. కుక్క మీద కనిపించిన ప్రతి పురుగునూ పిడుదు అనో గోమారి అనో అనేస్తాము. ఇది మాటల పట్టింపు మాత్రమే కాదు. పిడుదు సాలెపురుగుల జాతికి దగ్గర చుట్టం. దానికి ఎనిమిది కాళ్లు, చర్మాన్ని పట్టుకొని రోజుల తరబడి కదలక రక్తం త్రాగుతుంది, ఎగరలేదు. ఫ్లీ ఆరు కాళ్ల కీటకం. ప్రక్కలకు నొక్కినట్లు పలుచని శరీరం, వెంట్రుకల నడుమ చేపలా జారిపోతుంది. రెక్కలు లేకపోయినా దూకుతుంది. ఒకదానికి పనిచేసే ఉపాయం మరొకదానికి పనిచేయదు. పిడుదును పట్టుకారుతో లాగి పారవేస్తే ఆ పిడుదుతో పని అయిపోయినట్లే. ఫ్లీని ఒక్కదానిని చంపితే ఏమీ కానట్లే. అందుచేత ఈ వ్యాసంలో ఫ్లీ అనే మాటనే వాడుతున్నాను.

ఆ దూకుడు గురించి ఒక చిన్న ముచ్చట. రెండు మూడు మిల్లీమీటర్ల ప్రాణి తన పొడవుకు నూరింతల దూరం దూకడం శాస్త్రజ్ఞులను చాలాకాలం ఆకర్షించినది. రెసిలిన్ అనే రబ్బరు వంటి మాంసకృత్తులో శక్తిని దాచుకొని ఒక్కసారిగా విడుదల చేస్తుందని 1960ల నాటికే తెలిసినది. కాని నేలను తన్నేది మోకాటి వంటి పై భాగంతోనా, పాదంతోనా అన్న వాదం దశాబ్దాల పాటు నడచినది. 2011లో కేంబ్రిడ్జిలో సటన్, బరోస్ అనే ఇద్దరు అతివేగపు కెమెరాతో చిత్రించి, పాదంతోనే అని తేల్చినారు. వారు వాడినవి పిల్లి మీది ఫ్లీలు కావు. జర్మనులు ఈగెల్ అని పిలిచే చిన్న ముళ్ల జంతువు మీది ఫ్లీలు. ఈ ఈగెల్ మన ఉంటర్‌ఫ్యోరింగ్ పెరళ్లలో సాయంవేళ తిరుగుతూ కనిపిస్తుంది. పిల్లలు ముద్దుగా చేతిలోకి తీసుకొంటారు. దాని ఒంటి మీద ఫ్లీలు ఉండడం కద్దు. కుక్క మీదికి ఎక్కడమూ కద్దు.

అయితే మన ఇళ్లలో నూటికి తొంభై పాళ్లు ఎదురయ్యేది పిల్లి ఫ్లీ, టీనోసెఫలైడిస్ ఫీలిస్. పేరు పిల్లిదే గాని కుక్క మీద కూడ ఎక్కువగా కనిపించేది ఇదే. దీని బ్రతుకు తెరువు తెలియకుండా చేసే యుద్ధమంతా గాలిలో కత్తి త్రిప్పడమే. పెద్ద ఫ్లీ ఒకసారి పిల్లి మీదికి ఎక్కిందంటే ఇక దిగదు. అక్కడే రక్తం త్రాగి, ఒకటి రెండు రోజులలోనే గుడ్లు పెట్టడం మొదలుపెడుతుంది. రోజుకు 20 నుంచి 50 దాకా పెడుతుంది. గుడ్లకు జిగురు ఉండదు. పిల్లి నడచిన చోటెల్లా, పడుకొన్న చోటెల్లా, ఉప్పు రాలినట్లు రాలిపోతాయి. కొద్ది రోజులలో పొదిగి సన్నని పురుగు బయటికి వస్తుంది. దానికి వెలుతురు గిట్టదు. తివాసీ పోగుల అడుగుకూ, సోఫా క్రిందికీ, చెక్కనేల సందులలోకీ పోయి దాగుతుంది. అక్కడ దాని ఆహారం ఏమిటనుకొన్నారు? తల్లి ఫ్లీలు విసర్జించిన ఎండు రక్తం. పిల్లి మీది నుంచి గుడ్లతో పాటు ఆ రక్తపు రేణువులు కూడ రాలుతాయి. బిడ్డకు తల్లి పంపించే చద్దిమూట వంటి ఏర్పాటు.

ఒకటి రెండు వారాలకు ఆ పురుగు చుట్టూ పట్టుగూడు అల్లుకొంటుంది. ఆ గూటికి దుమ్మూ, నూలుపోగులూ అంటుకొని, కళ్లెదుట ఉన్నా కనిపించదు. కథ మలుపు తిరిగేది ఇక్కడే. గూటి లోపల ఫ్లీ పూర్తిగా తయారైనా వెంటనే బయటికి రాదు. బయట రక్తమున్న ప్రాణి వచ్చినదన్న ఆనవాలు కావాలి: నేల అదురు, వెచ్చదనం, ఊపిరిలోని బొగ్గుపులుసు వాయువు. ఆ ఆనవాలు దొరికే దాకా అది గూటిలో వారాలు, చల్లని చోట నెలలు, అయిదు నెలల దాకా కూడ కాచుకొని ఉండగలదు. ఆనవాలు దొరికితే క్షణాలలో వెలికి దూకుతుంది. తాళం వేసిన ఇల్లు దానికి తపోవనం వంటిది. మేము జూలైలో వెళ్లేటప్పుడు తివాసీలో ఉన్నవి గుడ్లూ, పిల్లపురుగులూ. ఆరు వారాల నిశ్శబ్దంలో అవన్నీ గూళ్లు కట్టుకొని, ఆకలితో, మా అడుగుల చప్పుడు కొరకు ఎదురుచూచినవి. పెట్టెల చక్రాల అదురు వాటికి భోజనపు గంట.

కీటకశాస్త్రజ్ఞులు ఒక లెక్క చెబుతారు. ఫ్లీలు పట్టిన ఇంట్లో కంటికి కనిపించే పెద్దవి మొత్తంలో దాదాపు 5 శాతమే. మిగిలిన 95 శాతం గుడ్లుగా, పిల్లపురుగులుగా, గూళ్లుగా ఇంటి నేలలో ఉంటాయి. అంటే రోగం పిల్లికన్నా ఇంటికి ఎక్కువ.

మన చిన్ననాటి ఇళ్లలో ఈ బెడద ఇంతగా ఎందుకు లేదని అత్తగారు అడిగినారు. మంచి ప్రశ్న. కుక్క చోటు గడప అవతల. పిల్లి వచ్చి పోయే అతిథి. ఇంట్లో గచ్చు, దాని మీద రోజుకు రెండుసార్లు చీపురు. చాపలూ బొంతలూ ఎండలో ఆరేవి. గాలిలో తేమ సగానికి తగ్గితే ఈ పిల్లపురుగు బ్రతుకలేదు. ఎండ తగిలితే చస్తుంది. ఇక్కడ మనం గోడ నుంచి గోడకు తివాసీ పరచి, కిటికీలు మూసి, పిల్లిని మంచం మీద పడుకోబెట్టుకొంటున్నాము. పడుకోబెట్టుకోరాదని నేననను, మా అమ్మాయి నా మాట వినదు కూడ.

అత్తగారి భయానికి మరొక మూలం ఉన్నది. ఎలుకలు చచ్చి పడితే ఊరు విడిచి తోటలలో పాకలు వేసుకొన్న ప్లేగు రోజుల కథలు ఆమె తన తాతగారి నోట విన్నది. ప్లేగును ఎలుక నుంచి మనిషికి చేర్చేది ఫ్లీ అని 1898లో కరాచీలో పోల్ లూయీ సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు ప్రయోగంతో చూపినాడు. తోటివారు కొన్నేళ్ల పాటు నమ్మలేదు. ఆ ఫ్లీ వేరు, ఎలుకల మీద ఉండే జెనోప్సిల్లా కియోపిస్. 1994లో సూరత్ నుంచి జనం పారిపోయిన దృశ్యాలు మనలో చాలామందికి ఇంకా గుర్తు. మ్యూనిక్‌లోని పిల్లి ఫ్లీ వల్ల ప్లేగు వస్తుందని బెంగ పడనక్కరలేదు. కాని అది నిరపాయమనీ కాదు. పిల్లి ఫ్లీని మింగితే బద్దెపురుగు పడుతుంది. చిన్నపిల్లలు పొరబాటున మింగినా అంతే. పిల్లి గోటి గీతతో మనుషులకు వచ్చే బార్టొనెల్లా జ్వరాన్ని పిల్లి నుంచి పిల్లికి చేర్చేదీ ఇదే. పసి పిల్లికూనలకు రక్తహీనతతో ప్రాణం పోవచ్చు.

ఇప్పుడు అత్తగారి సలహా సంగతి. పిల్లిని పంపివేస్తే ఏమవుతుంది? గూళ్లలోని ఫ్లీలు బయటికి రాక మానవు. ఎక్కడానికి పిల్లి లేదు గనుక మన కాళ్ల మీద పడతాయి. కాట్లు చీలమండల చుట్టూ ఉండడానికి కారణం అదే. నేల నుంచి దూకే ప్రాణికి అందేది అంతవరకే. అదే పిల్లికి సరైన మందు వేసి ఇంట్లో యథేచ్ఛగా తిరగనిస్తే, కొత్తగా వెలువడిన ఫ్లీ తనకు ఇష్టమైన పిల్లి మీదికే ఎక్కుతుంది, గుడ్లు పెట్టక ముందే చస్తుంది. అంటే మందు వేసిన పిల్లి ఇంటి నేలను శుభ్రం చేసే నడిచే బోను. మనం వెళ్లగొట్టదలచిన ప్రాణియే మనకు దొరికిన మేలైన ఆయుధం. ఈ ఒక్క మాట ఆ రాత్రి మాకు తెలిసి ఉంటే, మా అమ్మాయి మూడు రోజులు అన్నం మాని ఏడ్చేది కాదు.

మందు మాట వచ్చినది గనుక, మా ఇంట జరిగిన అతి పెద్ద తప్పు చెబుతాను. రెండవ నాడు విషయం తెలిసిన ఒక స్నేహితురాలు, "అక్కా, మా కుక్కకు వేసే చుక్కల మందు ఒక ట్యూబు మిగిలి ఉన్నది. పిల్లి చిన్నది కదా, సగం వేయండి" అని తెచ్చి ఇచ్చినది. ఆమెది మంచి మనసు. నాది బద్ధకం. పశువైద్యుని వద్దకు పోతే ఫ్లీలు అని చెప్పవలసి వస్తుందే అన్న సిగ్గు కూడ. సగం వేసినాను. సాయంకాలానికి పిల్లికి చెవులూ మీసాలూ అదరడం మొదలై, రాత్రికి ఒళ్లంతా వణుకు, ఆపైన మూర్ఛ. రాత్రి తెరచి ఉండే పశువుల ఆసుపత్రికి పరుగెత్తినాము. ఆ మందులో ఉన్నది పెర్మెత్రిన్. చేమంతి జాతి పువ్వులలోని విషాన్ని అనుకరించి తయారుచేసిన ఈ మందును కుక్క తట్టుకొంటుంది. పిల్లి కాలేయానికి ఇటువంటి పదార్థాలను గ్లూకురోనిక్ ఆమ్లంతో కలిపి బయటికి పంపే శక్తి బహు స్వల్పం. మందు ఒంట్లోనే నిలిచి నరాలను వేధిస్తుంది. మనం తలనొప్పికి వేసుకొనే పారసెటమాల్ పిల్లికి ప్రాణాంతకం కావడానికి కూడ ఈ కొరతే ముఖ్య కారణం. సగం వేసినా, పావు వేసినా ప్రమాదమే. రెండు రోజుల చికిత్సతో మా పిల్లి బ్రతికినది. అన్ని పిల్లులూ బ్రతుకవు.

అందుచేత నా మాటగా కాక ఆ వైద్యురాలి మాటగా వినండి: కుక్క మందు పిల్లికి వేయరాదు. పెర్మెత్రిన్ వేసిన కుక్కతో పిల్లిని ఆ మందు ఆరేదాకా కలిసి పడుకోనివ్వరాదు. ఇంట కుందేలు ఉంటే ఫిప్రోనిల్ ఉన్న మందు దానికి వేయరాదు, అది కుందేలుకు విషం. ఊరి నుంచి పెట్టెలో తెచ్చిన పిడుదుల పొడిని డబ్బా మీది పేరు చూచి చల్లరాదు. కర్పూరం, టీ ట్రీ నూనె, వెల్లుల్లి వంటి గృహవైద్యాల మీద మనవారికి మక్కువ ఎక్కువ. పిల్లి రోజంతా ఒళ్లు నాకుకొనే జంతువు. పైన పూసినదంతా కడుపులోకి పోతుంది. ఈ మూడూ పిల్లికి హాని చేసేవే. ప్రకృతిసిద్ధమైనదంతా మంచిదన్న నమ్మకాన్ని నేను ఏనాడూ అర్థం చేసుకోలేకపోయాను; గన్నేరు కాయ కూడ ప్రకృతిసిద్ధమే గదా.

మావారి పొగమందు సంగతి త్వరగా ముగిస్తాను. ఆ పొగ పైనుంచి క్రిందికి దిగి తెరచిన చోట మీద పడుతుంది. ఫ్లీ పిల్లలు సోఫా క్రింద, మంచం క్రింద, తివాసీ మొదలులో ఉంటాయి. గూటి లోపలికి ఏ మందూ సరిగా చొరబడదు. పిల్లలు ప్రాకే నేల మీద మందు మిగిలిపోవడం వేరే చిక్కు. దానికంటె వాక్యూమ్ క్లీనరు ఎంతో మేలు. 2007లో ఒహైయో స్టేట్ విశ్వవిద్యాలయంలో హింక్, నీధామ్ అనేవారు పరీక్షించి చూడగా, వాక్యూమ్ లాగిన పెద్ద ఫ్లీలలో 96 శాతం, పిల్లపురుగులూ గూళ్లూ అయితే దాదాపు అన్నీ ఆ లాగుడుకే చచ్చినవి. సంచిని కాల్చవలసిన పని లేదు. మరొక మేలు కూడ ఉన్నది: యంత్రపు అదురుకు, గూళ్లలో మిగిలిన ఫ్లీలు ఎవరో వచ్చినారనుకొని బయటికి వస్తాయి. దాచుకొన్న శత్రువును పేరు పెట్టి పిలిచినట్లు. మొదటి రెండు వారాలు రోజూ, మంచాలూ సోఫాలూ జరిపి మరీ తీయాలి. పిల్లి పడుకొనే గుడ్డలను 60 డిగ్రీల నీటిలో ఉతకాలి. ఉధృతి ఎక్కువైతే పైరిప్రాక్సిఫెన్, మెతోప్రిన్ వంటి, గుడ్లనూ పిల్లపురుగులనూ ఎదగనివ్వని మందులు ఉన్నవి. వాటిని చెప్పవలసినది వైద్యుడో, చీడలను నివారించే వృత్తి నిపుణుడో.

ఇంత చేసినా మూడు నాలుగు వారాల దాకా, ఒక్కొక్క ఇంట రెండు మూడు నెలల దాకా, ఫ్లీలు కనిపిస్తూనే ఉంటాయి. ఇక్కడే చాలామంది ఓర్పు కోల్పోయి "ఈ మందు పనిచేయలేదు" అని మరొక మందు, దాని మీద ఇంకొకటి వేస్తారు. మందు పనిచేస్తూనే ఉన్నది. కనిపిస్తున్నవి పాత గూళ్లలోనివి. ఇంట ఉన్న పిల్లులూ కుక్కలూ అన్నింటికీ ఒకే నాడు మందు వేసి, వైద్యుడు చెప్పిన ఎడంతో నెలల తరబడి తప్పకుండా వేయడమే దీనికి ఉపాయం. బయటికి వచ్చే గూడంటూ మిగలనప్పుడు కథ ముగుస్తుంది.

పిల్లికి ఫ్లీలు ఉన్నవో లేవో తెలుసుకోవడం ఎలా? పిల్లి చాలావాటిని తానే నాకి మింగేస్తుంది గనుక కంటికి కనిపించక పోవచ్చు. సన్నపళ్ల దువ్వెనతో నడుము మీద, తోక మొదట దువ్వి, రాలిన నల్లని నలుసును తడిపిన తెల్ల కాగితం మీద వేయండి. మట్టి అయితే మట్టిలాగే ఉంటుంది. ఎర్రని మరక పాకితే అది ఫ్లీ విసర్జించిన రక్తం. మా అమ్మాయి తరగతిలో ఈ పరీక్ష చేసి చూపి మంచి మార్కులు తెచ్చుకొన్నది. నేను దాచదలచిన రహస్యం ఆ విధంగా ఊరంతటికీ తెలిసినది.

దాని వల్ల నాకు తెలిసినదేమంటే, మా మెట్ల మీద పై అంతస్తులోని జర్మను వృద్ధురాలికీ, ఎదుటి ఇంటి క్రొయేషియా కుటుంబానికీ కూడ ఇదే బాధ ఒకప్పుడు వచ్చినది. వారు సంకోచం లేకుండా చెప్పినారు. మనవారిలో మాత్రం, పిల్లి ఉన్నదనే మాటే ఇంటి యజమానికి చెప్పని కుటుంబాలు నాకు తెలుసు. అద్దె పత్రంలో కుక్కలనూ పిల్లులనూ మొత్తంగా నిషేధించే అచ్చు నిబంధన చెల్లదని జర్మనీ అత్యున్నత సివిల్ న్యాయస్థానం 2013 మార్చిలోనే తీర్పు చెప్పినది. అంతమాత్రాన ఎవరికి ఇష్టమైనట్లు వారు పెంచుకోవచ్చునని కాదు. ఒక్కొక్క సందర్భాన్ని విడిగా తూచి చూడాలని దాని సారం. చెప్పి పెంచుకొంటే, బెడద వచ్చిననాడు నిపుణుని పిలవడానికి జంకు ఉండదు. దాచిన వారం రోజులలో ఒక్కొక్క ఫ్లీ నూరు గుడ్లకు పైగా పెడుతుంది.

నాకు తృప్తికరమైన జవాబు దొరకని ప్రశ్న ఒకటి మిగిలి ఉన్నది. ఉంటర్‌ఫ్యోరింగ్ ఇజార్ నది ఒడ్డున ఉన్నది. ఊరి ప్రక్కనే ఫెరింగా సరస్సు. పిల్లులకూ కుక్కలకూ మనం వేసే చుక్కల మందులలోని ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ నీటి కీటకాలకు తీవ్రమైన విషాలు. పొలాలలో ఆరుబయట ఇమిడాక్లోప్రిడ్ వాడకాన్ని యూరోపియన్ యూనియన్ 2018లో నిషేధించినది. తేనెటీగలను కాపాడడానికి పొలంలో వద్దన్నదానిని మనం పెంపుడు జంతువు మెడ మీద నెలనెలా పోస్తున్నాము. ఇంగ్లండు నదుల నీటిని పరీక్షించిన ససెక్స్ విశ్వవిద్యాలయం వారు దాదాపు ప్రతి నమూనాలోనూ ఫిప్రోనిల్ కనుగొన్నారు. స్నానపు నీళ్లతో, ఉతికిన నీళ్లతో అది కాలువలకు చేరుతుంది. అందుచేత ఫ్లీలు లేకున్నా ఏడాది పొడుగునా అలవాటుగా మందు పోయడం నాకు సమ్మతం కాదు. ఉన్నప్పుడు మాత్రం సగంలో ఆపక పూర్తిగా వాడాలి. మందు వేసిన కుక్కను రెండు రోజుల పాటు ఇజార్‌లో ఈదనివ్వవద్దు. ఇల్లు దాటని పిల్లికీ, అడవులలో తిరిగే కుక్కకూ ఒకే నియమం ఎందుకు ఉండాలని మీ వైద్యుని అడగండి. నేను అడిగినాను. ఆమె కొంచెం ఆలోచించి, మా పిల్లికి వసంతం నుంచి శరత్తు దాకా నెలకొకసారి దువ్వెన పరీక్ష చేసి, అవసరమైతేనే మందు వేద్దామన్నది.

మరుసటి ఏడు జూలైలో ప్రయాణానికి నెల ముందే దువ్వెన పరీక్ష చేసినాము. కాగితం తెల్లగానే ఉన్నది. వెళ్లే ముందు రోజు సోఫాలు జరిపి వాక్యూమ్ తీసినాము. హాలులోని తివాసీని తీసివేసి చెక్కనేలే ఉంచినాము. సెప్టెంబరులో తిరిగి వచ్చినప్పుడు మా అమ్మాయి మళ్లీ తెల్ల మేజోళ్లు వేసుకొని, మమ్ములను గడప బయటే నిలబెట్టి, తాను ముందుగా లోపలికి పోయి గదులన్నీ తిరిగి వచ్చినది. మేజోళ్లు దుమ్ము పట్టి ఉన్నవి, అంతే. విజయవాడ నుంచి ఫోనులో అత్తగారి మొదటి ప్రశ్న, "పిల్లి ఎలా ఉన్నదే?"